నీళ్లలో ముంచిన బిట్లు

గనిలో జరిగిన ప్రమాదం మీద విచారణ రోజున నేను అబద్ధం చెప్పలేదు. విరిగిన డ్రిల్ బిట్‌ను బల్ల మీద పెట్టి ఇంజనీరు గారు, "అతుకు ఊడిందా? చూసి చెప్పు" అన్నారు. చేతిలోకి తీసుకుని చూశాను. ఉక్కు కాడకూ, దాని కొసన ఉండే కార్బైడ్ ముక్కకూ మధ్య నేను పెట్టిన వెండి అతుకు చెక్కుచెదరలేదు. ముక్క మాత్రం నడిమికి విరిగింది. "అతుకు ఊడలేదు సార్" అన్నాను. అది నిజమే. అతికించిన తర్వాత ఆ బిట్‌ను నేనేం చేశానో ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు.

నేను చెప్పని ఆ ఒక్క మాట వల్ల దుర్గయ్య అనే డ్రిల్లరు మీద తప్పు పడింది. అతనితో కలిసి డ్రిల్లు పట్టుకున్న సమ్మయ్యకు మణికట్టు విరిగింది. సమ్మయ్య ఎవరో కాదు, దుర్గయ్య భార్యకు సొంత తమ్ముడు. బావ గట్టిగా నెట్టడం వల్లే తన చెయ్యి పోయిందని సమ్మయ్య, చేయని తప్పును తన మీద వేశాడని దుర్గయ్య, ఒకరి గడప ఒకరు తొక్కడం మానేశారు.

కళ్లు మసకబారి, మెడికల్ బోర్డు ఇక పని వద్దన్నాక యాభై దాటిన కొద్ది రోజులకే బొగ్గు గని వర్క్‌షాప్ నుంచి బయటికొచ్చాను. ఐటీఐ చదివి ఈ పనిలోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, "మంట ఎట్ల పెట్టాలె, ఏ రాడ్డు వాడాలె" అని అడుగుతుంటారు. వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతులు ఇందులో లేవు. ఒక లోహం ఇంకో లోహాన్ని ఎలా పట్టుకుంటుందో ఉంది. ఎందుకు వదిలేస్తుందో, ఎందుకు విరుగుతుందో కూడా ఉంది.

కళాయి మనిషి

ఈ పని మీద ఇష్టం నాకు వర్క్‌షాప్‌లో పుట్టలేదు. గోదావరిఖనిలో మేముండే క్వార్టర్ల లైన్లకు ఏడాదికి రెండు మూడుసార్లు కళాయి పెట్టే మనిషి వచ్చేవాడు. నేలలో చిన్న గుంట తవ్వి, తోలు తిత్తితో బొగ్గులు రాజేసి, ఇత్తడి గిన్నెను వాటి మీద తిప్పేవాడు. గిన్నె బాగా కాగాక చిటికెడు నవాసాగరం చల్లితే తెల్లటి పొగ లేచేది. తగరం ముక్కను అలా తాకించి దూదితో ఒక్క తుడుపు తుడిస్తే గిన్నె లోపలంతా వెన్నెల పరుచుకున్నట్టు తెల్లబడేది. నవాసాగరం చల్లకుండా ఒకసారి తగరం తాకించి చూపమని బతిమాలాను. చూపించాడు. తగరం కరిగి, తామరాకు మీద నీటి బొట్టులా గుండ్రంగా దొర్లి కింద పడింది. "జూసినవా బిడ్డా, మురికి మీద అది కూసోదు" అన్నాడు.

చాలా ఏళ్ల తర్వాత బ్రేజింగ్ నేర్చుకుంటూ నాకు అర్థమైంది ఏమిటంటే, ఈ విద్యలో సగం ఆయన ఆ రోజే చెప్పేశాడు. వేడి చేసిన లోహం గాలిని తాకగానే తన మీద ఒక పొర కప్పుకుంటుంది. ఆ పొర ఉన్నంతసేపు, అతకడానికి కరిగించే రాడ్డు దాన్ని అంటుకోదు. నవాసాగరం అయినా, కంసాలి వాడే వెలిగారం అయినా, మనం డబ్బాలో కొనే ఫ్లక్స్ అయినా చేసే పని ఒకటే: ఆ పొరను కరిగించి, మళ్లీ గాలి సోకకుండా కాపలా కాయడం.

తక్కువ వేడితో తగరం, సీసం పెట్టి అతికేదాన్ని సోల్డరింగ్ అంటాం, పాతవాళ్లు మాటు వేయడం అనేవాళ్లు. ఇత్తడి రాడ్డో వెండి రాడ్డో పెట్టి, వస్తువు ఎర్రబడే దాకా వేడి చేసి అతికేది బ్రేజింగ్. రెండింటిలోనూ అతికే వస్తువు కరగదు. మధ్యలో పోసేదే కరుగుతుంది. వెల్డింగ్‌కూ దీనికీ ఉన్న తేడా అదే. వెల్డింగ్‌లో రెండూ కరిగి ఒకటైపోతాయి. బ్రేజింగ్‌లో రెండూ రెండుగానే ఉండి, మధ్యలో ఉన్నదాని వల్ల కలిసి ఉంటాయి.

శామ్యూల్ సార్ మంట

మా ఫోర్‌మన్ శామ్యూల్ సార్. వాళ్ల నాన్న కూడా గనిలో చేసినవాడే. సార్ ఆదివారం చర్చిలో పాటలు పాడించేవాడు, మిగతా ఆరు రోజులు మమ్మల్ని తిట్టేవాడు. తిట్టినా ఆ గొంతు బాగుండేది.

నేను చేరిన కొత్తలో రాగి పైపు అతకమని ఇచ్చాడు. నేను మంటను నేరుగా రాడ్డు మీద పెట్టి, కరిగిన చుక్కలను పైపు మీద రాల్చాను. సార్ వెనక నిలబడి అంతా చూసి, "ఏం చేస్తున్నవ్ రాజేశం?" అన్నాడు.

"అతుకుతున్న సార్."

"అతుకుడు గాదది. కాకి రెట్ట ఏసినట్టున్నది. గోకు, ఊడొస్తది."

గోరుతో గోకాను. ఊడొచ్చింది. పక్కన ఉన్నవాళ్లంతా నవ్వారు.

"రాడ్డును కరగబెట్టకు. పైపును కాగబెట్టు. పైపుకు ఆకలైతే అదే రాడ్డును గుంజుకుంటది."

గ్యాస్ టార్చ్ తీసుకుని చేసి చూపించాడు. ఒక పైపు ఇంకో పైపులోకి దూరిన చోట, మధ్యలో కాగితం మందం సందు. మంటను అతుకు అవతలి వైపు ఉంచాడు. ఇవతలి నుంచి రాడ్డు కొసను అలా తాకించాడు. రాడ్డు కరిగి, కళ్ల ముందే సందులోకి మాయమై, అవతలి అంచున మెరుస్తూ బయటపడింది. నిలువుగా పైకి ఉన్న సందులోకి కూడా ఎక్కింది. కరిగిన లోహం కిందికి కారాలి కదా, పైకి ఎలా పోయింది? నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు.

మర్నాడు అడిగితే, "దీపంల ఒత్తి నూనెను ఎట్ల పైకి గుంజుతది? గట్లనే. సందు సన్నగుంటె గుంజుతది, ఎడం ఎక్కువైతె గుంజది. ఇంతకంటె ఎక్కువ నాకు తెల్వది, తెలిస్తె నేను గిక్కడెందుకుంట?" అన్నాడు.

కొత్తవాళ్లు చేసే మొదటి తప్పు ఇదే. అతుకు మీద ఎంత దట్టంగా లోహం పోస్తే అంత గట్టిగా ఉంటుందనుకుంటారు. బలం పైన కనిపించే గుట్టలో ఉండదు, లోపల కనిపించని సన్నటి పొరలో ఉంటుంది. మెరిసే అతుకును చూసి మోసపోవద్దు. మంచి అతుకును చూడాలంటే రంపంతో నిలువునా కోసి చూడాలి. నేను పాడైన వస్తువులను కోసి చూసేవాణ్ని. నాకు అదో పిచ్చి. స్క్రాప్ కుప్పలో పడేసిన అతుకులను ఏరుకొచ్చి కోస్తుంటే తోటివాళ్లు "పోస్ట్‌మార్టం డాక్టర్" అని పిలిచేవాళ్లు.

పొగ జ్వరం

ఇంకో పాఠం ఒంటి మీదికి తెచ్చుకుని నేర్చుకున్నాను. చలికాలంలో ఒకసారి తలుపులు మూసుకుని జీఐ పైపులను ఇత్తడి రాడ్డుతో అతికాను. పైపు మీది జింకు పూత కాలి, దూదిలాంటి తెల్లటి పొగ గదంతా కమ్ముకుంది. నోట్లో తీపిగా, చిల్లర నాణెం చప్పరించినట్టు అనిపించింది. సాయంత్రం ఇంటికెళ్లేసరికి వణుకు. మా ఆవిడ రెండు దుప్పట్లు కప్పి దవాఖానకు తీసుకెళ్లింది. మలేరియా అనుకుని గోలీలిచ్చారు. పొద్దున లేచేసరికి ఏమీ లేనట్టు పోయింది.

శామ్యూల్ సార్ విని, "జ్వరం గాదది, జింకు. పాలు తాగితె పోతదని ఎవడన్న జెప్తె నమ్మకు. తలుపు దెరు, గాలి రానియ్. ముందుగాల పూత గీకు, తర్వాత మంట వెట్టు" అన్నాడు.

మీకూ అదే చెబుతున్నాను. కొన్ని వెండి రాడ్లలో కాడ్మియం అనే లోహం కలిపేవాళ్లు, దాని పొగ ఇంకా పాడుది. అది జ్వరంతో వదిలేది కాదు. రాడ్డు డబ్బా మీద ఏం రాసుందో చదవకుండా మంట వెలిగించొద్దు.

రాగి అలవాటు

ఇక అసలు సంగతికి వస్తున్నాను. ఇది అర్థం కావాలంటే మా వర్క్‌షాప్‌లో ఉన్న ఒక అలవాటు తెలియాలి.

మా పనిలో ఎక్కువ భాగం రాగే. మోటార్ల వైండింగులు, కేబుల్ కొసలు, కూలర్ గొట్టాలు. అతుకు పెట్టాక ఫ్లక్స్ గాజు పెంకులా గట్టిపడి మీద కూర్చుంటుంది. దాన్ని గీకే బదులు, వేడిగా ఉండగానే నీళ్ల తొట్టిలో ముంచితే చుయ్‌మని అరిచి, పెంకంతా పగిలి ఊడిపోతుంది. అతుకు కడిగిన ముత్యంలా బయటికొస్తుంది. రాగికి దాంతో ఏ నష్టమూ లేదు. ఉక్కును ఎర్రగా కాల్చి ముంచితే బిరుసెక్కుతుంది కానీ రాగి ముంచినా మెత్తగానే ఉంటుంది. ఈ తేడా ఎందుకో అని నేను చాలా రోజులు ఆశ్చర్యపోయాను. ఆశ్చర్యపోయాను గానీ, అందులో ఉన్న హెచ్చరికను పట్టించుకోలేదు.

గనిలో బొగ్గుకు రంధ్రాలు వేసే డ్రిల్ బిట్ల కొసన కార్బైడ్ ముక్క ఉంటుంది. మేం టిప్పు అంటాం. రాయిలా గట్టిది, రాయిలాగే పెళుసు. అరిగిపోయిన టిప్పులను తీసేసి, పాత కాడలకు కొత్తవి వెండితో బ్రేజింగ్ చేసి పంపడం మా పనుల్లో ఒకటి. ఇక్కడ చిక్కేమిటంటే, ఉక్కూ కార్బైడూ ఒకేలా సాగవు, ఒకేలా ముడుచుకోవు. వేడికి ఉక్కు బాగా సాగుతుంది, కార్బైడ్ దానిలో సగం కూడా సాగదు. చల్లారేటప్పుడు ఉక్కు ముడుచుకుంటూ పోతుంటే కార్బైడ్ తట్టుకోలేదు. నెమ్మదిగా చల్లారితే మధ్యలో ఉన్న మెత్తటి వెండి ఆ లాగుడును కొంత భరిస్తుంది. గబుక్కున చల్లారిస్తే ఆ అవకాశం ఉండదు.

అందుకే టిప్పు పెట్టిన బిట్లను పొడి బూడిదలో పాతిపెట్టి, వాటంతట అవే చల్లారే దాకా వదిలేయాలి. మా వైపు బూడిదకు కరువేముంది? ఒక చెక్కపెట్టె నిండా ఉండేది. శామ్యూల్ సార్ ఉన్నంతసేపు ఎవరూ దాన్ని దాటిపోయేవాళ్లు కాదు.

ఆ వాన

అది ముసురు పట్టిన రోజు. శామ్యూల్ సార్ చుట్టాల పెళ్లికని గోలేటి పోయాడు. గని నుంచి బిట్ల కోసం జీపు వచ్చి నిలబడింది. డ్రైవరు తలుపు దగ్గర నిలబడి, "రాజేశం అన్నా, జల్ది కానియ్యే. ఆడ షిఫ్టు ఎక్కినంక నన్ను తింటరు" అని తొందరపెడుతున్నాడు.

బిట్లు అతకడం అయిపోయింది. చూస్తే పైకప్పు రేకు కారి బూడిద పెట్టె అడుగు దాకా తడిసి ఉంది. చేత్తో పిసికితే ముద్దయింది. తడి బూడిదలో పెట్టడమూ, నీళ్లలో ముంచడమూ ఒకటేననుకున్నాను. బల్ల మీద వదిలేసి వాటంతట అవి చల్లారనిస్తే చాలా మేలుగా ఉండేది. ఆ మాట ఆ క్షణాన తట్టలేదు. తట్టినా జీపు ఆగదు. బిట్ల ఎర్రదనం ఇంకా పూర్తిగా పోలేదు. పటకారుతో ఒక్కోటి తీసి నీళ్ల తొట్టిలో వేశాను. రాగి వేసినట్టే. అదే చుయ్‌మనే చప్పుడు. ఫ్లక్స్ ఊడిపోయి టిప్పులు అద్దాల్లా మెరిశాయి.

"అబ్బ, ఎంత తెల్లగున్నయ్ అన్నా!" అన్నాడు డ్రైవరు.

రెండింటిని చేతిలో తిప్పి చూశాను. ఎక్కడా గీత కనిపించలేదు. ఆ రెండూ బల్ల మీదే ఉండిపోయాయి, మిగతావి జీపులో పోయాయి.

మర్నాడు ఆ బిట్లలో ఒకటి రంధ్రంలో విరిగింది. విరిగిన టిప్పు ముక్క బిట్‌కూ బొగ్గుకూ మధ్య ఇరుక్కుని బిట్ పట్టేసింది. బిట్ ఆగినా మోటారు ఆగలేదు. డ్రిల్లు మొత్తం గిర్రున తిరిగి దాని పిడి సమ్మయ్య మణికట్టును విరిచింది. ఎముక వంకరగా అతుక్కుంది. ఆ తర్వాత అతను గని లోపలికి దిగలేదు. గని పైన, కార్మికులకు దీపాలిచ్చే ల్యాంపు రూమ్‌లో డ్యూటీ ఇచ్చారు.

విచారణలో సమ్మయ్య, "మా బావ ఒక్కసారి గట్టిగ నెట్టిండు సార్. నాకు దెల్సింది" అన్నాడు. దుర్గయ్య, "నేను నెట్టలే. రాయి తగిలితె సప్పుడును బట్టే నాకెర్కైతది. రాయి గూడ లేదాడ" అన్నాడు. ఒకరి మాట ఇంకొకరి మాటకు ఎదురు నిలిచిన చోట నా మాట అడిగారు. "అతుకు ఊడలేదు సార్." అతుకు గట్టిగానే ఉంది కాబట్టి, డ్రిల్లు నెట్టిన చెయ్యిదే తప్పయింది. దుర్గయ్యను డ్రిల్లు మీది నుంచి తీసి బొగ్గు తొట్లు నెట్టే పనికి వేశారు. గనిలో డ్రిల్లరంటే ఒక గౌరవం. సెలవు రోజున నలుగురూ చుట్టూ చేరి అతను చెప్పే కబుర్లు వినేవాళ్లు. ఆ కబుర్లు ఆగిపోయాయి.

సుద్ద, కిరోసిన్

విచారణ నాటికి నాకు అనుమానమే ఉంది, రుజువు లేదు. ఆ అనుమానం నన్ను కూర్చోనివ్వలేదు. ఇది మంచితనమని రాయను. నిజం చెప్పాలంటే అది పశ్చాత్తాపం కూడా కాదు, తెలుసుకోవాలనే దురద. అతుకు చెక్కుచెదరకుండా టిప్పు మాత్రం ఎందుకు విరుగుతుంది?

బల్ల మీద మిగిలిన ఆ రెండు బిట్లను కిరోసిన్‌లో నానబెట్టాను. తీసి, గుడ్డతో పొడిగా తుడిచి, టిప్పుల మీద సుద్దపొడి పూశాను. కిరోసిన్ పగుళ్లలోకి దూరి ఉంటే మెల్లగా బయటికి ఊరి, తెల్లటి సుద్ద మీద తడి గీతలా కనిపిస్తుంది. కంటికి అందని పగులును చూడడానికి పాతవాళ్ల పద్ధతి ఇది. మీరూ నేర్చుకోండి, పైసా ఖర్చు లేదు.

బీడీ కాల్చినంత సేపు పట్టింది. మొదటి దాని మీద అడ్డంగా ఒక వెంట్రుక లాంటి గీత లేచింది. రెండో దాని మీద రెండు. కొత్తగా ఇంకో రెండు బిట్లు అతికి, ఎండిన బూడిదలో చల్లార్చి, అదే పరీక్ష చేశాను. సుద్ద తెల్లగానే ఉండిపోయింది.

మొత్తం పని జీవితంలో నేను చేసిన పరీక్షల్లో అంత స్పష్టంగా జవాబిచ్చింది ఇంకోటి లేదు. ఒక్క క్షణం నాకు సంతోషం కూడా కలిగింది, కనుక్కున్నానని. ఆ తర్వాత దుర్గయ్య గుర్తొచ్చాడు.

శామ్యూల్ సార్‌కు చూపించాను. ఆయన గీతలను చాలాసేపు చూశాడు. "నీళ్లల్ల ముంచినవా?" అన్నాడు. తల ఊపాను.

"పోయి ఇంజనీరుకు చెప్పి రావాల్నా సార్?"

"పొమ్మని నేననను. పోవద్దని గూడ అనను. విచారణైతె అయిపాయె." ఆగి, "బూడిదకు ఇనుప డబ్బా చేపిద్దాం. మూతున్నది. ఇంకోసారి ఇట్ల గావద్దు" అన్నాడు.

చేయించాడు. మూత ఉన్న ఇనుప డబ్బా. ఆ తర్వాత మా దగ్గర ఒక్క టిప్పూ అలా పగల్లేదు. పనిమంతుడిగా ఆయనలాంటివాణ్ని నేను మళ్లీ చూడలేదు. కానీ ఆ రోజు ఆయన నాకు చూపించిన దారి తప్పు దారి, దాన్ని పట్టుకుని నడిచింది నేను. యంత్రం బాగైతే చాలు, మనిషి సంగతి దానంతట అదే సర్దుకుంటుందని మేమిద్దరం నమ్మినట్టు నటించాం. డబ్బా చూసినప్పుడల్లా నా బాకీ తీరిందనుకునేవాణ్ని. తీరలేదు. వర్క్‌షాప్‌లో ఏదైనా తప్పు జరిగితే సరిచేయడం సగం పనే. ఎవరి మీద నింద పడిందో వాళ్ల పేరు తుడవడం మిగతా సగం. ఆ సగం ఏ ఫోర్‌మనూ మీకు చెప్పడు, అందుకే నేను చెబుతున్నాను.

లచ్చవ్వ అడిగింది

దుర్గయ్య ఇప్పుడు రిటైరై సెంటినరీ కాలనీలో, మా ఇంటికి రెండు లైన్ల అవతల ఉంటాడు. భార్య లచ్చవ్వ. సమ్మయ్య గోదావరిఖనిలో ఇల్లు కట్టుకున్నాడు. రాఖీ పండుగనాడు లచ్చవ్వ తమ్ముడికి రాఖీ కట్టడానికి వెళ్తుంది. దుర్గయ్య స్కూటర్ మీద తీసుకెళ్లి సందు మొదట్లో దింపి, ఆమె వచ్చే దాకా కిరాణా కొట్టు ముందు నిలబడతాడు. ఎండైనా వానైనా. ఆ కొట్టువాడే ఈ మాట నాతో నవ్వుతూ చెప్పాడు. నేను నవ్వలేకపోయాను.

ఈ మధ్య దవాఖానలో కంటి చుక్కల కోసం కూర్చుంటే లచ్చవ్వ వచ్చి పక్కన కూర్చుంది. అదీ ఇదీ మాట్లాడి, ఉన్నట్టుండి అడిగింది.

"రాజేశం, నువ్వు వర్క్‌షాప్‌ల చేసినవ్ గదా. ఒకటడుగుత, కోపం జెయ్యకు. గా బిట్లు మనిషి నెడ్తెనే పలుగుతయా? ఊకె గూడ పలుగుతయా?"

"ఎందుకడుగుతున్నవ్ అక్కా?"

"అన్నం తినుకుంట తినుకుంట ఆగి, 'నేను నెట్టలేనే' అంటడు మా ఆయన. అరె, ముసలోడివైతివి, ఎప్పటి ముచ్చట ఇడిశిపెట్టుమంటె ఇనడు. నా తమ్ముడేమొ నెట్టిండంటడు. ఇద్దరిట్ల ఎవలన్న ఒకలు అబద్ధమాడాలె గద. నా మొగడా, నా తమ్ముడా? ఎవలని అనుకోవాలె నేను?"

అన్నేళ్లు నేను దుర్గయ్య ఒక్కడికే బాకీ అనుకున్నాను. ఈమె ఇద్దరిలో ఎవరు అబద్ధాలకోరో తెలియక ఒకరికి వండిపెడుతూ, ఇంకొకరికి రాఖీ కడుతూ బతికిందని నాకు తట్టనేలేదు.

"నెట్టకున్నా పలుగుతది అక్కా. ఎర్రగున్నప్పుడు నీళ్లల్ల ముంచితె పలుగుతది."

"ఎవలు ముంచిండ్రు?"

"నేనే."

ఆమె పేరు పిలిచారు. లేవలేదు. రెండోసారి పిలిచారు. "గీ మాట నాకు జెప్పుడేంది? నడువు" అంది. చీటీ కొంగున ముడేసుకుని లేచింది.

మేం ఇంటికెళ్లేసరికి దుర్గయ్య టీవీ చూస్తున్నాడు. ఆమె టీవీ ఆపేసింది. నేను మొదటి నుంచి చెప్పాను. తడిసిన బూడిద, జీపు, తొట్టి, సుద్ద మీద లేచిన గీత. కోప్పడతాడనుకున్నాను. అతను చేతులు ముందుకు చాచి, డ్రిల్లు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"పట్టేసినప్పుడు మిషిని ఎటు తిరుగుతది?" అన్నాడు.

"సమ్మయ్య దిక్కే. ఒక్కసారే గుద్దినట్టు తిరుగుతది."

"అంటె వానికి నేను నెట్టినట్టే కొడ్తది."

"అవును. ఆయనకు అట్లనే తెలుస్తది. నువ్వు నెట్టకున్నా."

దుర్గయ్య చేతులు దించాడు. "నా బామ్మర్ది అబద్ధమాడలేదన్నట్టు" అన్నాడు. లేచి, "నన్ను డ్రిల్లు మీదికెళ్లి తీసిండ్రు, గది పోనియ్. నిన్ను తిట్టుడు గూడ తర్వాత. ముందుగాల వానికి జెప్పు. నేను గూడ వస్త" అని చొక్కా వేసుకున్నాడు.

గోదావరిఖనిలో సమ్మయ్య గేటు తీసి ముగ్గురినీ చూశాడు. బావను చూసి ముఖం తిప్పుకుని, "ఏందక్కా, పంచాయితి పెట్టవడ్తివా? గీ పెద్దమనిషెవరు?" అన్నాడు.

"ఇంట్లకు రమ్మను ముందు. తర్వాత పెద్దమనిషెవలో నీకే ఎర్కైతది" అంది లచ్చవ్వ.

కుర్చీలు వేశారు. నేను కూర్చోలేదు. సమ్మయ్య వంకర మణికట్టు మోకాలి మీద పెట్టుకుని ఉన్నాడు. అక్కడి నుంచి కళ్లు తిప్పకుండా, దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ వదిలేసి, వచ్చిన మాటలు చెప్పాను.

"సమ్మయ్యా, మీ బావ నెట్టలే. నీ చెయ్యి ఇరిగింది నా వల్ల. ఎర్రగున్న బిట్లను నీళ్లల్ల ముంచిన, అవి లోపల పలిగినయ్. పలిగిన సంగతి తర్వాత నా కండ్లతోని నేనే జూసిన. జూసి నోరు మూసుకున్న. మిషిని తిరిగినప్పుడు నీకు నెట్టినట్టే కొట్టింది, నువ్వు అబద్ధమాడలే. మీ బావ గూడ ఆడలే. మీ ఇద్దరి నడుమ ఇన్నేండ్లు ఊకున్నోణ్ని నేను. తప్పైంది సమ్మయ్యా. తప్పైంది దుర్గన్నా. అక్కా, నీకు గూడ. మాఫ్ చేస్తరా లేదా మీ ఇష్టం. తప్పు నాది."